పంతులుగారి యింట ఒక ప్రశ్న

పదవీ విరమణకు ముందటి యేడు, పదవ తరగతి పిల్లలను రాజమహేంద్రవరంలోని వీరేశలింగం పంతులుగారి యింటికి తీసికొనివెళ్ళాను. 1881 డిసెంబరు 11న పంతులుగారు తొలి వితంతు వివాహం యిక్కడే జరిపించారనీ, వంటవారూ నీళ్ళవారూ సైతం రామన్నారనీ నా ధోరణిలో చెప్పుకుపోతున్నాను. (నా ఉపన్యాసాలు పాపం పిల్లలకు అలవాటే!)

"మరి ఆ రోజు వంటెవరు చేశారు మాస్టారూ?" అన్నదొక బాలిక.

మాట తడబడింది. గోదావరినుండి నీళ్ళు తానే మోసి, పెళ్ళివారికి వండినది పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. నాకు తెలియనిది కాదు. ఇన్నేళ్ళూ ఆ పాఠం చెప్పీ ఆమె పేరు తరగతిలో ఒక్కనాడూ పలుకలేదు.

సాయంత్రం పంతులుగారి తోటకు వెళ్ళాము. దంపతుల సమాధులు రెండూ అక్కడే ఉన్నాయి. పిల్లలందరూ పంతులుగారి సమాధి చుట్టూ మూగారు. ఆ బాలిక మాత్రం రెండవదాని వద్ద ఆగి, "ఈవిడేనా మాస్టారూ?" అని అడిగింది.

ఔనన్నాను. పేరు చెప్పాను.