కొలువు మారినపుడు గడువు కాగితము

బరంపురమున మా వీధిలో అమెరికా మాట వినబడని తెలుగు ఇల్లు నేడు అరుదు. సాయంకాలము అరుగుల మీద కూర్చున్న పెద్దలు "మీవానికి వీసా యెంతవరకున్నదండీ?" అని అడుగుట కుశలప్రశ్నలలో నొకటియై పోయినది. 34 సంవత్సరములు గుమాస్తాగిరి చేసి దస్త్రముల నడుమ తల నెరసినవారము గనుక, మాకీ ప్రశ్న సరియైనదిగా తోచదు. అడుగవలసిన గడువు వేరొకటి కలదు. మా కుమారుని విషయమున అది మాకు బోధపడినది. మన కుటుంబములకు అక్కరకు వచ్చునని వ్రాయుచున్నాము.

మా తాతగారు గోపాలపురము రేవున ఓడనెక్కి రంగూనులో బియ్యపు మిల్లు పనికి పోయినవారు. 1937 ఏప్రిలు వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో నొక రాష్ట్రమే గనుక వీసా యను మాటయే వారెరుగరు. మేస్త్రీ వద్ద పుచ్చుకొన్న బయానా తీరినచో వేరొక మిల్లునకు పోవుటకు అడ్డు లేదు. బయానా తీరుటయే కష్టము, అది వేరు మాట.

మా కుమారుడు 2017లో చదువునకై అమెరికా వెళ్ళి, 2020 అక్టోబరు 1 నుండి హెచ్-1బి తరగతి ఉద్యోగి యయ్యెను. మొదట నిచ్చినది మూడేండ్ల గడువు. వాని పాస్‌పోర్టులో మాత్రము పాత విద్యార్థి వీసా ముద్రయే యుండెను. దానికి కాలము చెల్లినది. అది చూచి మా గృహిణి భయపడెను. భయపడవలసిన పని లేదు. వీసా యనునది ఆ దేశపు వాకిటికి వచ్చి ప్రవేశమడుగుటకు చీటి. లోపల నుండుటకు గడువు తెలుపు పత్రము ఐ-94. ఉద్యోగపు మంజూరు కాగితమగు ఐ-797 క్రింది భాగముననే అది వచ్చును. అడుగవలసినది ఆ తేదీ.

ఇక కొలువు మారుట. మన పిల్లలు దీనిని "ట్రాన్స్‌ఫర్" అందురు. గుమాస్తా కంటికి ఇది బదిలీ కానే కాదు. ఐ-129 అను అర్జీలో అర్జీదారు కంపెనీయే. పనివాని పేరు లబ్ధిదారుగా మాత్రమే యుండును. ఒక కంపెనీ పొందిన మంజూరు రెండవ కంపెనీకి చెల్లదు. క్రొత్త యజమాని క్రొత్త అర్జీ దాఖలు చేసి, దానియందే గడువు పొడిగింపును కూడ కోరవలెను. 2000 సంవత్సరపు చట్టము వలన మంజూరు వచ్చువరకు ఆగనక్కరలేదు. న్యాయసమ్మతముగా నున్నవాడు, అనుమతి లేని పని చేయనివాడు, పాత గడువు దాటక మున్ను అర్జీ పడినచో క్రొత్తచోట పనిలో చేరవచ్చును. అర్జీ త్రోసివేయబడినచో ఆ సౌకర్యము అంతటితో సరి. అందుచే జాగ్రత్తపరులు మంజూరు చూచియే పాత కొలువు విడుతురు.

మావానికి ఆ యవకాశము లేకపోయెను. 2023 జనవరిలో వాని కంపెనీ పలువురిని తొలగించినది, వారిలో వీడొకడు. 2017 జనవరిలో అమలునకు వచ్చిన నియమము ప్రకారము కొలువు పోయినవానికి 60 దినముల వరకు గడువు కలదు. ఐ-94 అంతకు ముందే ముగిసినచో అంతవరకే. ఈలోపల మరియొక యజమాని అర్జీ దాఖలు చేయవలెను, లేదా వేరొక తరగతికి మారవలెను, లేదా దేశము విడువవలెను. జీతమునకు పని చేయరాదు.

ఆ దినములలోనే మాఘమాసమున మా కుమార్తె వివాహము. లగ్నము మూడు నెలల ముందే నిశ్చయమైనది. వాడు బయలుదేరినచో ఆ 60 దినములు అచ్చటనే ముగియును, తిరిగి పోవుటకు హెచ్-1బి ముద్ర కావలెను, ముద్రకు యజమాని కావలెను, యజమాని లేడు. "చెల్లెలి పెండ్లికి అన్న రాకున్న నలుగురేమందురు?" అని మా గృహిణి రెండు రోజులు అన్నము ముట్టలేదు. "నాన్నగారూ, వచ్చివేయుదునా?" అని వాడు ఫోనులో అడిగెను. వలదంటిమి. నేడడిగినను అదే మాట అందుము. లాజహోమమున వధువు దోసిట పేలాలు పోయవలసినవాడు తోడబుట్టినవాడు. మా అన్నగారి కుమారుడు పోసెను. అచ్చట అర్ధరాత్రి దాటిన వేళ వాడు ఫోనులో చూచుచు కూర్చుండెను.

44వ దినమున క్రొత్త కంపెనీ అర్జీ దాఖలు చేసినది. రసీదు సంఖ్య పంపగానే మేము దానిని మా పాత అలవాటు ప్రకారము తేదీతో సహా పుస్తకమున నెక్కించుకొంటిమి. రసీదు వచ్చిన పిమ్మట వాడు పనిలో చేరెను. ఏప్రిలులో మూడేండ్లకు మంజూరు వచ్చెను. హెచ్-1బి సాధారణముగా మొత్తము ఆరేండ్లకు మించదు. పైకి పోవుటకు గ్రీన్ కార్డు అర్జీ కొంత దూరము సాగియుండవలెను. ఆ కథ దీనికంటె దీర్ఘము.

మాకు ఒకటి మాత్రము మింగుడుపడలేదు. అంత చదివిన కుర్రవాడు, తాను అర్జీదారు కాని కాగితము కొరకు తన కాలమును దినములుగా లెక్కపెట్టుకొనుట.

2023 డిసెంబరులో వాడు ముద్ర వేయించుకొనుటకు వచ్చెను. మనము ఒడిశావారమైనను మనకు అమెరికా కాన్సలేటు హైదరాబాదుననే కలదు. మా కుమార్తె అత్తవారిల్లును ఆ యూరే. పాస్‌పోర్టు చేతికి వచ్చువరకు వాడు అక్కడనే యుండెను. చెల్లెలు పెండ్లి ఆల్బము తీసి చూపినది. పేలాలు పోయు ఛాయాచిత్రము వద్ద వాడు పుట త్రిప్పక కొంతసేపు చూచి, "అన్నయ్య నాకంటె చక్కగానే పోసినాడు" అనెను.