మా మనుమని ఈల

మార్గశిరమాసమున కృష్ణా డెల్టా పల్లెలు చూడ ముచ్చటగ నుండును. కాలువగట్లపై మంచు తెరలు, కళ్లములలో క్రొత్త ధాన్యపు రాసులు! కాని ఉబ్బసము గల బిడ్డ ఉన్న యింటివారు ఆ శోభను బెదురుతోనే చూతురు. నూర్పిళ్ల దుమ్ము, గడ్డి కాల్చిన పొగ, తెల్లవారుజామున చలి, మూడును కలసి వచ్చు కాలమది.

నా మనుమనికి తొమ్మిదేండ్లు. వాని శ్వాసనాళముల లోపలి పొర వాచియుండును. దుమ్ము సోకినంతనే చుట్టునున్న కండరములు బిగిసి దారి సన్నబడును. అప్పుడు రొమ్ములో పిల్లికూతలు వినవచ్చును. విజయవాడలోని వైద్యుడొకరు వానికి రెండు ఇన్‌హేలర్లు ఇచ్చిరి. ఒకటి వాపు అణచుటకు ప్రతిదినము పీల్చవలసినది; నీలిరంగుది ఆయాసము వచ్చినప్పుడు నాళములను సడలించునది.

ఈ సాధనము పుట్టుకకు ఒక బాలిక ప్రశ్నయే కారణమందురు. 1955లో అమెరికాలో రైకర్ అను మందుల సంస్థకు అధిపతియైన జార్జి మేసన్‌ను, ఉబ్బసముతో బాధపడు ఆయన కుమార్తె, తన మందును చిమ్ముడబ్బాలో పెట్టరాదా యని అడిగెనట. మరుసటి సంవత్సరమే అట్టి డబ్బా అమ్మకమునకు వచ్చెను. అయితే దానిని నొక్కుటయు, గాలి పీల్చుటయు ఒక్కసారిగ జరుగవలెను. ఇది పెద్దలకే కష్టము. అందుచే పిల్లలకు స్పేసరు అను గొట్టమును తగిలింతురు. మందు క్షణకాలము అందులో నిలువగా బిడ్డ నెమ్మదిగ పీల్చుకొనును.

మావాని స్పేసరునకు చిన్న ఈల ఉన్నది. మొదటిదినమున వాడు పీల్చగనే అది మ్రోగెను. "శభాష్‌రా!" అంటిని. బడిపంతులుగ బ్రదికినవాడను, మెచ్చుకొనుట నాకు అలవాటు. వాడు నానాటికి మరింత గట్టిగ మ్రోగించెను. వాని చెల్లెలు చప్పట్లు కొట్టెడిది.

నూర్పిళ్లనాటి ఒక అర్ధరాత్రి వాడు లేచి కూర్చుండెను. ఊపిరి తీసినప్పుడెల్ల మెడక్రింద గుంట లోనికి పోవుచుండెను. మాట రాక నా చేయి పట్టుకొనెను. నీలి ఇన్‌హేలరు పీల్పించితిమి. ఈల మ్రోగెను గాని ఆయాసము తగ్గలేదు. ఆటోలో వుయ్యూరు ఆసుపత్రికి కొనిపోయి నెబ్యులైజరు పెట్టించిన పిదపగాని వాని కన్ను మూతపడలేదు.

మరునాడు వైద్యునకు ఫోను చేసితిని. "మాస్టారూ, బాబు మందు పీల్చేటప్పుడు వీడియో తీసి పంపండి" అనిరి. కోడలు తీసి పంపెను. కొంతసేపటికి సమాధానము వచ్చెను. ఆ ఈల మెప్పు కాదు, హెచ్చరిక! బిడ్డ అతివేగముగ పీల్చినప్పుడే అది మ్రోగును. అట్లు పీల్చిన మందు చాలవరకు గొంతుకలోనే అంటుకొనిపోవును. ఇన్ని నెలలుగ నేను మెచ్చుకొన్నది వాని తప్పునే. ఆ సంగతి స్పేసరు పెట్టెలోని కాగితముపై ఉన్నది. ఊరివారి కాగితములెన్నో చదివిపెట్టిన నేను దానిని విప్పియైన చూడలేదు.

డబ్బా నొక్కిన ప్రతివేళను తానే గుర్తించి ఫోనునకు తెలుపు పరికరములు కూడ నేడు ఉన్నవట. మాకు ఆ పాత ఫోనే చాలెను. ఆదివారమునాడు వీడియో తీసి వానికే చూపుదుము. డబ్బాను ఊపుట, ఊపిరి వదలుట, మెల్లగ పీల్చుట, పది లెక్కించువరకు బిగబట్టుట, ప్రతిదినపు మందైనచో పిదప నోరు పుక్కిలించుట. తప్పు ఎచ్చట జరిగెనో వాడే చెప్పును.

"తాతయ్యా, ఈల రాకపోతే మందు లోపలికి వెళ్లినట్టేనా?" అని మొదట పలుమారు అడిగెను. ఇప్పుడు అడుగుట మానెను. వాని చెల్లెలు మాత్రము, అన్నకు ఈల వేయుట చేతగాకుండ పోయినదని ఇంటికి వచ్చినవారందరితో చెప్పుచున్నది.