గాలి తగ్గేదాకా

మాది గోపాలపురం. ఒడిశా తీరమే అయినా మా జాలరిపేటలో ఇంటి మాట తెలుగే. పోయిన ఆగస్టులో అల్పపీడనం పట్టింది. పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు. గాలి గంటకు 55 కిలోమీటర్ల దాకా వీస్తుందన్నారు. బుధవారం నుంచి నాన్న వేటకెళ్ళలేదు. ఇసుకలో పడవ పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నాకేమో శనివారంలోగా పరీక్ష ఫీజు కట్టాలి.

మూడో రోజు ఉండబట్టలేక అనేశాను: "రెండు పడవలు వెళ్ళాయి కదా నాన్నా, నీకే భయమా?"

నాన్న కోప్పడలేదు. "మన పడవ ఇసుకలోంచే దిగాలమ్మా. ఆ ఇరిగే కెరటాలు దాటితేనే సముద్రం. అక్కడ గాలి పడవని అడ్డం తిప్పిందంటే బోల్తాయే. గాలి తగ్గనీ, సేపలెక్కడికి పోతాయి?" అన్నాడు.

ఆ సాయంత్రం తిరిగొస్తూ ఒక పడవ ఒడ్డు దగ్గరే బోల్తా పడింది. మనుషులు బతికారు; ఇంజనూ వలలూ పోయాయి. వాళ్ళని లాగడానికి ముందుగా నీళ్ళలోకి దూకింది మా నాన్నే.

ఆదివారం గాలి తగ్గింది. సోమవారం 50 రూపాయల ఫైనుతో ఫీజు కట్టాను. ఎందుకు ఆలస్యమని అడిగితే "గాలి" అన్నాను. అందరూ నవ్వారు.

నాన్నని అన్న మాట మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు.