పాత్రయు, పానీయమును

వేసవి దినములలో గోలీసోడా త్రాగనివారు మనలో నరుదు. పానీయ మొక్కటే యయినను, గాజుబుడ్డిలోని దొక రుచిగను, ప్లాస్టిక్ సీసాలోని దింకొక రుచిగను నుండునని పలువు రందురు. ఇది నిజమా, భ్రమయా యని మేము విచారించితిమి.

సోడాకు చుఱుకు నిచ్చునది బొగ్గుపులుసు వాయువు. 1767లో లీడ్స్ నగరమున, బీరు కాచు శాలలో, జోసెఫ్ ప్రీస్ట్లీ యను మతబోధకుడు దానిని నీట గలిపి చూచెను. గాజు ఆ వాయువును బోనీయదు. తన రుచిని నీటి కంటింపదు. 1872లో హైరమ్ కాడ్ అను నాంగ్లేయుడు కల్పించిన గోలీబుడ్డిలో, లోని వాయువే గోలీని పైకొత్తి మూతగా నిలుపును. ప్లాస్టిక్ గోడగుండ వాయువు మెల్లమెల్లగా వెలికి బోవును. చిన్న సీసాలో మఱింత త్వరగా బోవును. ఆ ప్లాస్టిక్కునుండి అసిటాల్డిహైడ్ అను పదార్థము లేశముగా వెలువడి, పండ్లవాసన దోపింపవచ్చును. అల్యూమినియము డబ్బాకు లోపల పూత పూయుదురు; లేనిచో పులుసు లోహమును దినును.

మేము కన్నులకు గంతలు గట్టుకొని, ఒకే చల్లదనము గల పానీయములను రుచి చూచితిమి. క్రొత్తవి మాకు వేరుపడలేదు. వేసవియంతయు నిలువయున్న చిన్న ప్లాస్టిక్ సీసా మాత్రము చప్పదనముచే వెంటనే పట్టువడెను. కావున భేదము గలదు. కాని జనులు చెప్పునంత లేదు.

అయినను మాకు గాజుబుడ్డియే ప్రియము. అది కడుగబడి మరల నంగడికి వచ్చును. దానితో సోడాబండివాని కుటుంబము బ్రదుకును. ప్లాస్టిక్ సీసా యొకమారు దప్పిక దీర్చి, ఊరికాలువను బూడ్చును. నాలుక యెఱుగని యీ భేదమును మనము మఱువరాదు.