కెప్టెన్ గారు, మేనేజర్ గారు

బాపట్ల చుట్టుపక్కల ఊళ్ళలో పాస్టరు గారిని "కెప్టెన్ గారు", "మేజర్ గారు" అని పిలుస్తుంటే కొత్తవాళ్ళు ఆయన మిలటరీలో పనిచేసి వచ్చాడనుకుంటారు. ఆయనది రక్షణ సైన్యం, అంటే సాల్వేషన్ ఆర్మీ. ఎరుకల వాళ్ళమైన మాకు ఆ పిలుపులు తాతల కాలం నుంచీ తెలుసు. అందుకే ఆ మెట్లు ఏమిటో, మా మీద అవి ఎలా పనిచేశాయో మన పిల్లలకు చెప్పాలనిపించింది.

1865లో తూర్పు లండన్ పేదపేటల్లో విలియం బూత్, కాథరీన్ బూత్ దంపతులు మొదలుపెట్టిన మిషన్ 1878లో సైన్యమని పేరు మార్చుకుంది. సభ్యుడు సోల్జర్ అయ్యాడు, పాస్టరు ఆఫీసర్ అయ్యాడు. ఎవరైనా చనిపోతే మహిమకు ప్రమోషన్ పొందారంటారు. బాప్తిస్మం, ప్రభువు బల్ల మాత్రం వీళ్ళ దగ్గర లేవు. మిగతా సంఘాల వాళ్ళకు ఇదే పెద్ద వింత.

ఆఫీసర్ కావాలంటే ముందు సోల్జర్‌గా నిబంధన పత్రం మీద సంతకం పెట్టి ఉండాలి. ఆ తర్వాత ట్రైనింగ్ కాలేజీలో క్యాడెట్. మామూలుగా రెండేళ్ళు అక్కడే ఉండి చదవాలి. మేం టీచర్ ట్రైనింగ్ చేసినదీ రెండేళ్ళే, కానీ మా బ్యాచికి సంవత్సరం తప్ప పేరు లేదు. వాళ్ళ ప్రతి బ్యాచికీ ఒక పేరు పెడతారు. చదువు అయ్యాక లెఫ్టినెంట్. ఇప్పటి పద్ధతిలో ఐదేళ్ళకు కెప్టెన్, పదిహేనేళ్ళ సేవకు మేజర్. ఆ పైన లెఫ్టినెంట్ కల్నల్, కల్నల్, కమిషనర్ హోదాలు అప్పగించిన బాధ్యతను బట్టి వస్తాయి. ప్రపంచం మొత్తానికి జనరల్ ఒక్కరే, హైకౌన్సిల్ ఎన్నుకుంటుంది. ఈ మెట్లన్నీ ఆడవాళ్ళకూ తెరిచే ఉన్నాయి. 1934లో ఇవాంజెలిన్ బూత్ జనరల్‌గా ఎన్నికైంది. నిడుబ్రోలు ఆసుపత్రికి ఉన్నది ఆమె పేరే.

ఈ సైన్యాన్ని 1882లో బొంబాయికి తెచ్చింది ఫ్రెడరిక్ టక్కర్. ఐసీఎస్ ఉద్యోగం వదులుకున్నాడు, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు, దేశీయుల బట్టలు కట్టి చెప్పుల్లేకుండా తిరిగాడు. వీధుల్లో ఊరేగింపు తీసినందుకు పోలీసులు ఆ బృందాన్ని అరెస్టు చేశారు. పోలీసు దెబ్బ రుచి చూసిన ఆ సైన్యమే, ఆయన మళ్ళీ ఇక్కడ నాయకుడిగా ఉన్న రోజుల్లో, పోలీసు పనిని చేతిలోకి తీసుకుంది. మాకు మింగుడుపడనిది ఇదే.

నేరస్థ జాతుల చట్టం కింద మా వాళ్ళను సెటిల్‌మెంట్లలో పెట్టారు. అంతకుముందు మా వాళ్ళు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్మేవాళ్ళు. రైళ్ళు, ఉప్పు చట్టాలు ఆ బతుకును చెడగొట్టాయి. తిరిగేవాడు దొంగే అని సర్కారు రాసుకుంది. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర ఏర్పడిన స్టువర్టుపురానికి హెరాల్డ్ స్టువర్ట్ అనే మద్రాసు ప్రభుత్వ అధికారి పేరు పెట్టి, నడిపే బాధ్యత రక్షణ సైన్యానికి ఇచ్చారు. ఆదివారం ప్రసంగం చెప్పే ఆఫీసరే అక్కడ మేనేజరు. హాజరు తీసుకునేది ఆయన మనుషులే, ఊరు దాటాలంటే పాస్ ఇవ్వాల్సిందీ వాళ్ళే. పాపం ఒప్పుకోమని పిలిచేవాడికి, తప్పిపోతే పోలీసుకు చెప్పేవాడికి ఒకే యూనిఫాం ఉంటే మనిషి మనసులో మాట ఎవరికి చెప్పుకుంటాడు?

భూమి ఇచ్చారు, బడి పెట్టారు, అదీ చెప్పాలి. అక్షరం ముక్క వచ్చిన వాళ్ళలో చాలామందికి ఆ బడే మొదటి బడి. కానీ బడికి వచ్చే పిల్లవాడి పేరూ, వాడి తండ్రి వేలిముద్రా ఒకే సర్కారు దస్త్రాలకు వెళ్ళేవి. ఆ చట్టం దేశమంతటా రద్దయ్యేసరికి 1952 వచ్చింది.

ఇప్పుడు మన పిల్లలెవరైనా క్యాడెట్‌గా వెళ్తామంటే మేం వద్దనం. పుట్టుకతో దొంగ అని రాయించుకున్న ఇంటి పిల్ల మేజర్ కావడం చిన్న సంగతి కాదు. వెళ్ళేవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాం. సైన్యం చరిత్ర పాఠంలో లండన్, బొంబాయి వచ్చినప్పుడు చెయ్యెత్తి, స్టువర్టుపురం పాఠం ఎప్పుడు చెబుతారని అడగండి.