కామాలు వెదకు పని

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట జీవనోపాధిగా గైకొన్న స్త్రీలు నేడు మనలో ననేకులు గలరు. ప్రోగ్రాము ప్రక్కనే కాన్ఫిగరేషన్ ఫైళ్లను చిన్న పత్రములుండును. ఎవరితో మాటలాడవలెను, ఎంతసేపు వేచియుండవలెను మున్నగు సంగతులు వానియందు వ్రాయబడును. వంట యెంత నేర్పుతో చేసినను, ఉప్పుడబ్బాపై పంచదార యని చీటి యంటించియున్న నేమగును? ఈ ఫైళ్లలోని తప్పులు నట్టివే.

మేము పలువురము కలిసి నడపు ప్రాజెక్టులో నీ ఫైళ్లు యామల్ అను పద్ధతిలో నున్నవి. 2001లో వెలువడిన యీ పద్ధతి చదువుటకు సుళువు గాని మహా పెంకెది. పంక్తి మొదట విడిచిన ఖాళీని బట్టియే యేది దేని క్రిందిదో నిర్ణయించును. అచ్చట ట్యాబు మీట నొక్కిన నొప్పుకొనదు. నార్వే దేశపు రెండక్షరముల గుర్తు ఎన్, ఓ. కలిపి చదివిన 'నో' యగును గదా! యామల్ 1.1 నియమము ననుసరించి, కొటేషను గుర్తులు లేనిచో దేశము మాయమై 'అసత్యము' అను విలువ మిగులును. 2009లో వచ్చిన 1.2 దీనిని సవరించినను, పాత నియమమునే పాటించు పరికరము లిప్పటికిని గలవు.

ఇట్టివానిని మొదట మాలో మనుష్యులే వెదకెడివారు. బిడ్డ నిద్రించిన వేళలలో పనిచేయు నొక యువతి పంపిన మొదటి మార్పునకు 11 వ్యాఖ్యలు వచ్చినవి. అందు 9 ఖాళీలను గూర్చియు, కామాలను గూర్చియు. ఆమె యాలోచన బాగున్నదని యొక్కరును వ్రాయలేదు. ఆమె మరల రాలేదు.

అటుపిమ్మట ఆ వెదకుట యంత్రమున కప్పగింపవలెనని నేను పట్టుబట్టితిని. 2005లో లినస్ టోర్వాల్డ్స్ సృజించిన గిట్ అను సాధనములో 'హుక్' అను సౌకర్యము గలదు. మార్పును నమోదు చేయబోవు క్షణమున నది పరీక్షను దానంతట నడపి, తప్పున్న నమోదు నాపివేయును. యామల్‌లింట్ అను ఉచిత పరికరము ఏ పంక్తిలో దోషమున్నదో చూపును. ఒకే పేరు రెండుమారులు వ్రాసినను పట్టుకొనును. అయితే హుక్కులు ప్రాజెక్టు ప్రతితోపాటు రావు. ఎవరి కంప్యూటరులో వా రమర్చుకొనవలెను. వలదనుకొన్నవారు దాటిపోవచ్చును కూడ. కావున అందఱి మార్పులు కలియు ఉమ్మడి సర్వరుపై నవే పరీక్షలు మరల నడపితిమి. ఇంట నేరిన బియ్యమును పెండ్లి వంటశాలలో మరియొకమారు ఏరినట్లు.

"యంత్రము మనకు బుద్ధి చెప్పుటయా?" యని మాలో నొక పెద్దాయన విసుగుకొనిరి. నాకు మాత్రము యంత్రపు మందలింపే మేలనిపించినది. దానికి ఎత్తిపొడుపు తెలియదు. అది మొదట మన గదిలో, మనకు మాత్రమే చెప్పును.

స్కీమా యను నమూనాను జతపరచితిమి గనుక, సంఖ్య యుండవలసినచోట మాట యున్నను ఇప్పుడు పట్టుబడుచున్నది. కాని 30 సెకండ్ల గడువును 3 అని వ్రాసిన నేమగును? రెండును సంఖ్యలే! యంత్రము నిశ్చింతగా పోనిచ్చును. అచ్చట మనిషి కన్ను కావలసినదే.

క్రిందటి నెలలో క్రొత్తగా చేరిన యొక అమ్మాయి తన కంప్యూటరులోనే రెండు దోషములను దిద్దుకొని మార్పును పంపినది. అందులో గడువు సరిగా 3 సెకండ్లే. ఎందుకని యడిగితిని. అంతకుమించి వేచియుండునపుడు వాడుకరి విసిగి మీటను మరల మరల నొక్కుచున్నాడనియు, ఒకే కోరిక పలుమారులు నమోదగుచున్నదనియు దాఖలాలతో చూపినది. పెద్దాయనయే దాని నంగీకరించిరి.