అమ్మాన్‌లో మేం కట్టని కుళాయి

జెరూసలేం యాత్ర గురించి రాయమని మీలో కొందరు అడుగుతూనే ఉన్నారు. ఫొటోలు పెట్టాం గాని మాట రాయలేదు. ఇప్పుడు ఆరుగురం కూర్చుని రాస్తున్నాం. టైపు కొట్టేది ఒకరు, పక్కన కూర్చుని తప్పులు పట్టేది ఐదుగురు. ఈ గ్రూపులో అందరూ చర్చికి వెళ్లేవాళ్లు కారని మాకు తెలుసు. భయపడకండి, ఇది ప్రసంగం కాదు. నీళ్ల గురించి రాస్తున్నాం.

మాది సీతంపేట ఏజెన్సీలో కొండ మీది సవర గూడ. 2022 ఏప్రిల్ నుంచి జిల్లా పార్వతీపురం మన్యం అయింది గాని మా నోటికి ఇంకా శ్రీకాకుళమే వస్తాది. 2023 జనవరిలో పాలకొండ వైపు సంఘాల వాళ్లతో కలిసి జోర్డాన్, బేత్లెహేము, జెరూసలేం వెళ్లాం. జీడిపిక్కల డబ్బు, కొండచీపుర్ల డబ్బు, సంఘం ఇచ్చిన చందా, మిగతాది అప్పు. ఆ అప్పు ఇంకా తీరలేదు. బయల్దేరే ముందు మాలో మేం అనుకున్న మాట దాచడం ఎందుకు? పది రోజులైనా ఈ పొయ్యి పొగ, ఈ చోడంబలి, సిగ్నల్ కోసం చింతచెట్టు దాకా ఎక్కడం తప్పుతాయి అనుకున్నాం.

తిండి సంగతి తొందరగా చెప్పేస్తాం. రొట్టెలు, మెత్తగా నూరిన శనగల ముద్ద, ఆలివ్ కాయలు, అన్నీ బాగానే ఉన్నాయి. పెట్టినవాళ్లు ప్రేమగానే పెట్టారు. అయినా మొదటి రోజుకే అంబలి మీద బెంగ పట్టుకుంది. మాలో ఒక చెల్లి బట్టల మధ్య చోడి పిండి పొట్లం దాచి తెచ్చిందని తెలిసింది. ఆ రాత్రే హోటల్ గదిలో, టీ కాచుకునే కెటిల్‌లో కాచాం. ఉండలు కట్టింది, పులుపు లేదు. ఆరుగురం గ్లాసులు నాకేసాం. తరవాత కెటిల్ అడుగంటిందని అర్ధరాత్రి దాకా చెంచాతో గీకుతూ కూర్చున్నాం. బయట వణికించే చలి. ఊళ్లో మేం తిట్టుకునే ఆ పొగ పొయ్యే గుర్తొచ్చింది.

అసలు సంగతి మర్నాడు జరిగింది.

మా ఊళ్లో నీళ్లెలా వస్తాయో ఏజెన్సీ వాళ్లకి చెప్పక్కర్లేదు. కొండ మీద ఊట, దాని దగ్గర చిన్న సిమెంటు తొట్టె, అక్కణ్ణుంచి కిందికి గొట్టం. మోటారు లేదు, కరెంటు లేదు. కుళాయి తల ఎప్పుడో ఊడిపోయింది. రాత్రీ పగలూ నీళ్లు పారుతూనే ఉంటాయి. ఆ పారినవి అరటి మొక్కల్లోకి, అక్కణ్ణుంచి గెడ్డలోకి పోతాయి. కుళాయి కట్టాలన్న అలవాటు మా చేతులకి లేదు.

అమ్మాన్‌లో రెండో రాత్రి బట్టలు ఉతుక్కుని పడుకున్నాం. కుళాయి సగం తిరిగే ఉంది. ఎవరు వదిలారో ఇప్పటికీ తేలలేదు, అందుకే తప్పు ఆరుగురిదీ అని రాస్తున్నాం. తెల్లారేసరికి మా గదిలోనే కాదు, ఆ చిన్న హోటల్ మొత్తానికి నీళ్లు లేవు. మా అయ్యగారు సిగ్గుతో తలెత్తలేకపోయారు. హోటల్ చూసుకునే పెద్దాయన తిట్టలేదు. తిట్టినా బావుండేది. మమ్మల్ని మేడ మీదకి తీసుకెళ్లాడు. చుట్టూ ఏ మేడ చూసినా ట్యాంకులే. ఆయన ఒక వేలు ఎత్తి, వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు: వారానికి ఒక్క రోజు. ఆ రోజు ఎక్కించుకున్న నీళ్లతోనే వారమంతా గడవాలి. అయిపోతే ట్యాంకరు కొనుక్కోవాలి. ఆయన ఆ పొద్దున్న కొన్నాడు. డబ్బులిస్తామంటే తీసుకోలేదు.

తరవాత చదువుకున్నాం. మనిషికి ఏడాదికి 500 ఘనపు మీటర్ల కన్నా తక్కువ నీళ్లుంటే తీవ్రమైన కొరత అంటారు. జోర్డాన్‌లో ఉన్నవి 100 కన్నా తక్కువే. బైబిల్లో రబ్బా అనే ఊరే ఇప్పటి అమ్మాన్. సమూయేలు రెండో గ్రంథంలో ఆ ఊరికి నీళ్ల పట్టణమని పేరుంది. అది చదివి మాలో ఎవరూ నవ్వలేదు.

యొర్దాను నది దగ్గరికి వెళ్లాం. బాప్తిస్మం జరిగిన చోటని నమ్మే స్థలం అది, యునెస్కో 2015లో వారసత్వ జాబితాలో చేర్చింది. పాటల్లో విన్న యొర్దాను ఎంత వెడల్పుంటాదో అనుకున్నాం. వెళ్లి చూస్తే మన గెడ్డంత ఉంది, బురద రంగులో. అవతలి ఒడ్డున మాట్లాడుకునేది ఇవతలికి వినబడతాది. పొడవులో అది 250 కిలోమీటర్ల పైచిలుకు, మన నాగావళి కూడా ఇంచుమించు అంతే. పైన మూడు దేశాలు తాగడానికీ పొలాలకీ తోడేసుకోగా మిగిలినది కిందికి వస్తాది. అందుకే అది కలిసే మృత సముద్రం ఏడాదికి మీటరు చొప్పున దిగిపోతోంది.

బేత్లెహేములో కూడా మేడల మీద నల్ల ట్యాంకులే. అక్కడ అయ్యగారు దావీదు సంగతి చెప్పారు. శత్రువులకి దొరక్కుండా గుహలో దాక్కున్న దావీదు తన ఊరి గుమ్మం దగ్గరున్న బావి నీళ్లు తాగాలని కలవరించాడట. ముగ్గురు ప్రాణాలకి తెగించి తెస్తే, తాగలేక నేల మీద పారబోసి దేవుడికి అర్పించాడట. చిన్నప్పట్నుంచీ విన్న కథే. ఇన్నాళ్లూ ఆ ముగ్గురి ధైర్యం గురించే అనుకున్నాం. ఆరోజు మాత్రం మా కుళాయి కళ్లలో కదిలింది. ఒక తమ్ముడు పక్కకి వెళ్లి ముఖం తుడుచుకున్నాడు. చలికి కళ్లలో నీళ్లొచ్చాయన్నాడు.

ఇంటికి తెచ్చిన సీసా సంగతి కూడా చెప్పాలి. యొర్దాను నీళ్లు తెచ్చామని మామ్మకి చూపించాం. ఆవిడ సీసా ఎండలోకి ఎత్తి చూసి, "ఈ బురద నీళ్లకా ఓలమ్మా, అంత డబ్బెట్టినారు?" అంది.

ఇది చదివి ఎవరైనా, మరింకేటి, ఉన్నదానితో సర్దుకోండి అంటారేమో. ఆ మాట ఒప్పుకోం. మా గూడకి రోడ్డు లేదు, కాన్పుకి ఇప్పటికీ డోలీ కట్టాల్సిందే. దాని గురించి అడుగుతూనే ఉంటాం. ఊట మాత్రం ఎవరూ ఇచ్చింది కాదు. మన పెద్దలు దాని పైనున్న చెట్లు ముట్టుకోకుండా వదిలారు గనక ఉంది. ఆ చెట్లలో కొన్ని మన ఇళ్లవాళ్లే జీడితోట కోసం కొట్టారు, అందులో మా ఇళ్లూ ఉన్నాయి. జీడిపిక్కల డబ్బుతోనే కదా విమానం ఎక్కాం. పోయిన వేసవిలో గొట్టంలోంచి వచ్చింది వేలు లావు ధార. ముందు చేతి లావు వచ్చేది.

కుళాయికి తల బిగించాం, 120 రూపాయలైంది. మొదటి వారం ఊరంతా తిట్టింది, బిందె పెట్టిన ప్రతిసారీ తిప్పాలట. ఇప్పుడు పిల్లలే కడుతున్నారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక తొట్టెలో మట్టి తీయడానికి కొండెక్కుతున్నాం. చర్చికి రాని ఇళ్లవాళ్లు కూడా వస్తామన్నారు. పైన నాటడానికి నేరేడు, ఇప్ప మొక్కలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, మేమే వచ్చి మోసుకెళ్తాం.